గిజిగాడికి పెళ్లిచూపులు!

విజయవాడలో బందరు రోడ్డెక్కి, కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు వెళ్తుంటే చేలగట్ల మీద తాటిచెట్లను గమనించండి. మట్టల చివర సొరకాయ బుర్రల్లా వేలాడుతూ కనిపిస్తాయి... గిజిగాడి గూళ్లు.

ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో బోవర్‌బర్డ్ అనే పక్షి ఉంది. మగది పుల్లలతో పందిరి వేసి, ముంగిట పూలూ కాయలూ పేర్చి ఆడపక్షి మెప్పు కోసం ఎదురుచూస్తుంది. గుడ్లు పెట్టేది మాత్రం అందులో కాదు. మనవాడు అలా కాదు, కట్టిందే కాపురానికి!

మామూలు రోజుల్లో ఆడా మగా రెండూ ఊరపిచ్చుకల్లాగే ఉంటాయి. కాలువలకు నీళ్లొదిలి నారుమళ్లు పచ్చబడేసరికి మగదాని నెత్తీ రొమ్మూ పసుపుపచ్చగా మారతాయి, ముఖానికి నల్లటి ముసుగు దిగుతుంది. వరి ఆకునో తాటాకునో అంచున కొరికి, పట్టుకుని ఎగిరితే చాలు, సన్నటి పోగు ఊడి వస్తుంది. ఒక్క గూటికి 500 సార్ల దాకా తిరుగుతుందట!

అసలు కథ సగం గూటి దగ్గరే. హెల్మెట్ ఆకారం రాగానే పని ఆపి, రెక్కలు టపటపలాడిస్తూ పిలుస్తాడు. ఆడపక్షులొచ్చి లోపల దూరి, పోగులు లాగి మరీ చూస్తాయి. నచ్చితేనే గుడ్ల గది, కిందికి పొడవాటి గొట్టం. లేదంటే ఆ సగం గూడు అలాగే ఎండిపోవాల్సిందే.

1930లో సలీం అలీ ముంబయి దగ్గరి కిహిమ్‌లో వీటిని పరిశీలించి ఇంకో గుట్టు విప్పారు. ఆవిడ గుడ్లు పెట్టగానే అయ్యగారు పక్కనే మరో గూడు మొదలెడతారు, మరో ఇల్లాలి కోసం. పొదగడం ఆవిడ వంతే. జాషువా ‘గిజిగాడు’ చదువుకున్న మనకు ఈ సంగతి కాస్త కష్టంగానే ఉంటుంది!

గూటిలోపల బంకమట్టి ముద్దలుంటాయి. వాటికి మిణుగురుల్ని దీపాల్లా అతికిస్తుందని పెద్దలు చెబుతారు. చెట్టు కింద కలిసిన రైతునూ అదే అడిగాను.

‘‘నేనైతే చూళ్లేదు బాబూ’’ అని నవ్వాడాయన. చెట్టుకు పదకొండు గూళ్లున్నాయి. గొట్టం కట్టినవి నాలుగే.

‘‘ఆ పక్కన మూడు చెట్లుండేయి. ప్లాట్లేసేటప్పుడు కొట్టేశారు. ఇదీ అమ్మేద్దామంటన్నాడు మావాడు. పిల్లలెగిరిపోయేదాకా ఆగరా అన్నాను.’’

‘‘ఆగుతాడా?’’

‘‘దసరా దాకా అన్నాడు.’’

పైన అయిదో గూటికి గొట్టం మొదలైంది.