గుంజుడు

క్రేవింగ్‌ని తెలుగులో ఏమంటారో నాకు మొన్నటిదాకా తెలీదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, తెలుగు సెకండ్ లాంగ్వేజ్, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. ఆ బ్యాచ్ ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. డిక్షనరీ తీస్తే తృష్ణ, వాంఛ, లాలస అని ఉన్నాయి. పాన్ డబ్బా ముందు నిలబడ్డవాడికి కలిగేది లాలస ఏంట్రా అని నవ్వొచ్చింది. అసలు మాట నానమ్మ దగ్గర దొరికింది. ఆమెది జనగామ వైపు. మా అత్త కూతురు చదువుకోవడానికి అమెరికా వెళ్ళాక "పిల్ల కోసం పానం గుంజుతున్నది" అని రోజుకోసారి అనేది. లోపల తాడు కట్టి ఎవరో ఒక పక్కకి లాగుతున్నట్టు. సరిగ్గా అదే. అప్పట్నుంచి నా ఫోన్ నోట్స్‌లో క్రేవింగ్ పేరు గుంజుడు.

సిగరెట్ మానేసి ఇవాళ్టికి 127 రోజులు. ఫస్టియర్ రెండో సెమ్‌లో మొదలైంది, మూడో సెమ్‌కల్లా రోజుకి ఆరు, పరీక్షలప్పుడు పది. ఎవరు నేర్పారు, ఎందుకు నేర్చుకున్నాను అనేది ఇక్కడ రాయట్లేదు. ఆ కథ అందరిదీ ఒకటే. కన్యాశుల్కంలో వెంకటేశం గిరీశం దగ్గర చదువు సంగతి ఎలా ఉన్నా చుట్ట కాల్చడం మాత్రం బాగా నేర్చుకున్నాడు. గురజాడ ఆ నాటకం రాసి నూరేళ్ళు దాటినా సీనియర్ జూనియర్ల వ్యవహారం పెద్దగా మారలేదు. మన ఊరికి కూడా ఇది కొత్త సరుకేం కాదు. చార్మినార్ పేరుతో సిగరెట్ అమ్మిన వజీర్ సుల్తాన్ కంపెనీ ఆజామాబాద్‌లోదే. మా తాత జేబులో ఉండేది అదే ప్యాకెట్టట.

మానడానికి కారణం ఒక దగ్గు.

మా నాన్న ఐడీఏ నాచారంలో ఒక ప్లాస్టిక్ యూనిట్‌లో షిఫ్ట్ డ్యూటీ చేస్తారు. నా వయసు కంటే ఆయన సిగరెట్ వయసు ఎక్కువ. అన్నం తిన్నాక డాబా మీదికి వెళ్తారు, పావుగంట తర్వాత దగ్గుకుంటూ దిగుతారు. పోయినేడు డాక్టర్ ఇన్‌హేలర్ రాశారు. జూన్‌లో ఒక రాత్రి నేను గదిలో అసైన్‌మెంట్ చేసుకుంటూ దగ్గాను. వంటింట్లోంచి అమ్మ, "ఏమండీ, ఆ మందు పీల్చారా?" అంది. నాన్న అప్పుడు ఇంట్లోనే లేరు, సెకండ్ షిఫ్ట్. "అమ్మా, నేను" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. కుక్కర్ మూత పెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది. ఆమెకి నా సంగతి అప్పటిదాకా తెలుసో తెలీదో గానీ, ఆ నిమిషం తర్వాత తెలీదని అనుకోవడం కష్టం.

సిగరెట్ ప్యాకెట్ మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ ఉండాలని రూలు. 2018 సెప్టెంబర్ నుంచి మానాలనుకునేవాళ్ళ కోసం 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబర్ కూడా దాని మీద ముద్రిస్తున్నారు. నేను ఏడాది పైన కాల్చాను, ఆ నంబర్ ఎప్పుడూ చూడలేదు. ఎందుకంటే మేము కొనేది లూజ్. డబ్బా అన్న ప్యాకెట్లోంచి ఒకటి తీసి చేతిలో పెడతాడు, బొమ్మ ఆయన దగ్గరే ఉండిపోతుంది. స్టూడెంట్లు ఎక్కువగా లూజ్ కొంటారని తెలిసి కూడా హెచ్చరికంతా ప్యాకెట్ మీదే ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు. సరే, అది వేరే వ్యాసం.

ఇంట్లో వినపడకూడదని ఉప్పల్ స్కైవాక్ మీద నిలబడి ఫోన్ చేశాను. కింద బస్సుల హారన్లు. అవతల ఒక మేడమ్, తెలుగులోనే మాట్లాడారు. క్లాసు పీకుతారని రెడీగా ఉన్నాను గానీ ఆమె ముందు అడిగింది ఒకటే: "పొద్దున లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి కాలుస్తారు?" గంటన్నర అన్నాను, ఉప్పల్ చేరాకే కదా. ఎంత గట్టిగా పట్టుకుందో కొలవడానికి అది ముఖ్యమైన ప్రశ్నట. లేచిన ఐదు నిమిషాల్లో కావాల్సొస్తే పట్టు బాగా బలంగా ఉన్నట్టు. మానే ముందు రెండు రోజులు ప్రతి సిగరెట్‌కీ టైము, చోటు, పక్కన ఎవరున్నారో రాసుకోమన్నారు.

మనకి షీట్ అంటే ఇష్టం కదా, కాలమ్స్ పెట్టి రాశాను. రెండు రోజుల్లో పదమూడు. ఉప్పల్‌లో ఘట్‌కేసర్ వైపు బస్సు కోసం ఆగినప్పుడు, ల్యాబ్ అయ్యాక కాలేజీ బయట, సాయంత్రం తిరిగి దిగగానే, రాత్రి తిన్నాక నాచారం చెరువు వైపు నడిచినప్పుడు. పదమూడిట్లో పదకొండు ఈ నాలుగు చోట్లే. ఆ షీట్‌లో కనిపించింది టెన్షనూ కాదు, బాధా కాదు, టైమ్‌టేబుల్. నా కాళ్ళు ఒక చోటికి వెళ్ళగానే చెయ్యి జేబులోకి పోతోంది, అంతే.

మొదటి మూడు రోజులు మాత్రం టైమ్‌టేబుల్‌తో పనిలేదు. ఒంట్లో నికోటిన్ దాదాపు ప్రతి రెండు గంటలకీ సగం అవుతుంది, కాబట్టి ఆఖరి సిగరెట్ తాగిన మర్నాటికే ఖాళీ. మెదడు ఆ ఖాళీకి అలవాటు పడటానికి మాత్రం వారాలు పడుతుంది. రెండో రోజు, మూడో రోజు అన్నిటికన్నా కష్టం. నిద్ర పట్టలేదు. చెల్లితో ఛార్జర్ కోసం గొడవ. కడుపు కదల్లేదు (దీని గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నా, అరటిపళ్ళు కొనిపెట్టుకోండి). ఒక ఫర్ లూప్ తప్పు వెతకడానికి గంట పట్టింది.

నాలుగో రోజు నుంచి గుంజుడు అలలా రావడం మొదలైంది. వస్తుంది, పెరుగుతుంది, పోతుంది. కొద్ది నిమిషాలేనని ఫోన్‌లో మేడమ్ చెప్తే నమ్మలేదు. నమ్మించింది మెట్రో. మా ఇంటి నుంచి షేర్ ఆటోలో హబ్సిగూడ, అక్కణ్ణుంచి మెట్రోలో ఉప్పల్. హబ్సిగూడ ప్లాట్‌ఫామ్ మీద మొదలైంది. ఎన్‌జీఆర్ఐ వచ్చేసరికి దవడలు బిగుసుకున్నాయి. స్టేడియం దగ్గర ఇంకా ఉంది. ఉప్పల్‌లో తలుపులు తెరుచుకునేసరికి, ఉందా అని వెతుక్కోవాల్సి వచ్చింది. రైల్లో ఎలాగూ కాల్చలేం కాబట్టి చేయగలిగింది కూర్చోవడమే. అప్పట్నుంచి నాకు గుంజుడు కొలత మూడు స్టేషన్లు. చెరువు దగ్గరొచ్చినా, ల్యాబ్ బయటొచ్చినా, కళ్ళు మూసుకుని ఎన్‌జీఆర్ఐ, స్టేడియం, ఉప్పల్ అనుకుంటాను. మంచినీళ్ళు తాగడం, గట్టిగా ఊపిరి పీల్చి వదలడం లాంటివి కూడా చెప్పారు, చేశాను. నాకు పనిచేసింది మాత్రం ఇదే.

చాయ్ సంగతి ఒకటి చెప్పాలి. సిగరెట్ బదులు చాయ్ అని రోజుకి ఐదారు తాగాను. వారం తిరిగేసరికి చేతులు వణుకుడు, గుండె దడ. నికోటిన్ లేకే అనుకున్నా. చదివితే తెలిసింది ఏంటంటే, పొగలోని కొన్ని రసాయనాల వల్ల లివర్ కెఫీన్‌ని తొందరగా కరిగిస్తుంది. పొగ ఆగితే ఆ వేగం తగ్గిపోతుంది. అంటే కప్పు అదే, ఒంట్లో కెఫీన్ ఉండే సమయం పెరుగుతుంది. మానేవాళ్ళు చాయ్ పెంచడం కాదు, తగ్గించాలి. నేను రెండుకి దించాను. దడ పోయింది.

ఇప్పుడు కష్టమైన భాగం. మా కాలేజీ గేటు పక్కన బోర్డు ఉంది, 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని. డబ్బా ఆ లెక్క దాటాకే ఉంది, మావాళ్ళు అడుగులేసి మరీ చూశారు. మేము ఐదుగురం. ఇంటర్న్‌షిప్ రాని బాధ, ఇంట్లో అప్పులు, ఒకడి బ్రేకప్, అన్నీ ఆ డబ్బా దగ్గరే చెప్పుకున్నాం. క్యాంటీన్‌లో ఆ మాటలు రావు, ఎందుకో తెలీదు. సిగరెట్ మానొచ్చు, ఆ మనుషుల్ని ఎలా మానేది? రెండు వారాలు వెళ్ళలేదు. "ఏంరా, పెద్దమనిషివైనవ్" అన్నారు. నాకు సిగరెట్ కంటే ఎక్కువ గుంజింది అదే. మూడోవారం జామకాయ కోయించుకుని, ఉప్పూకారం వేయించుకుని వెళ్ళి నిలబడ్డాను. ఒకడు "ఒక్క పఫ్‌తో ఏమైతది మామ" అని ముందుకు చాపాడు. నేను జామకాయ ముక్క చాపాను. తీసుకున్నాడు. ఇంకొకడున్నాడు, ఏమీ మాట్లాడడు. గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ నా వైపు రాకుండా అవతలికి జరిగి నిలబడ్డాడు. ఇప్పటికీ అలాగే నిలబడతాడు. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ ఐదుగురిలో ఒకడు గత నెల నుంచి నికోటిన్ గమ్ మీద ఉన్నాడు. 2 మిల్లీగ్రాములది మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. మామూలు గమ్‌లా ఆపకుండా నమిలేసి ఎక్కిళ్ళతో క్లాసంతా నవ్వించాడు. దాన్ని ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గ పక్కన పెట్టి వదిలేయాలి. నికోటిన్ నోటి లోపలి చర్మంలోంచి ఎక్కుతుంది, మింగితే కాదు. నేను వాడలేదు. వాడినవాణ్ణి చూసి మాత్రం, అది బలహీనులకి అనే మాట మానేయాలనిపించింది.

అంతా అయిపోయిందనుకున్నాక 71వ రోజు వాన పడింది. ఉప్పల్‌లో ఫ్లైఓవర్ పిల్లర్ల కింద ఆగాను. తడిసిన మట్టి వాసన, పక్కన ఒక అంకుల్ అరచేతులు అడ్డం పెట్టి అగ్గిపుల్ల గీశాడు. ఆ మొదటి గంధకం వాసనకి కడుపులో ఏదో తిరిగింది. మొదటి వారంలో ఎంత బలంగా వచ్చేదో అంతే బలం. తగ్గుతుంది, పలచబడుతుంది అంటారు. నాకలా లేదు. రావడం తగ్గింది, వచ్చినప్పుడు పూర్తిగానే వస్తుంది. వానలో తడుస్తూ నడిచాను. ఉప్పల్ నుంచి వెనక్కి, స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, ఈసారి పైన రైలు, కింద నేను. హబ్సిగూడ చేరేదాకా వదల్లేదు.

నాన్నతో నేను ఈ విషయం మాట్లాడలేదు. మా ఇంట్లో నాన్నతో అలాంటివి మాట్లాడే అలవాటు లేదు. పైగా పంతొమ్మిదేళ్ళవాడు యాభై ఏళ్ళాయనకి ఏం చెప్తాడు? పోయిన ఆదివారం తిన్నాక ఆయన డాబా మెట్ల దగ్గర ఆగారు. నేను సోంపు నములుతూ గుమ్మంలో కూర్చున్నాను.

"ఏంది తింటున్నవ్ ఎప్పుడు జూసినా?"

"సోంపు నాన్నా."

చెయ్యి చాపారు. డబ్బా వంచి పోశాను. నోట్లో వేసుకుని కాసేపు నమిలారు. "మెత్తబడ్డది, కొంచెం వేయించమను మీ అమ్మను" అన్నారు. తర్వాత పైకి వెళ్ళారు. అలవాటుగా టైము చూశాను. కిందికి దిగేసరికి తొమ్మిది నిమిషాలైంది.