ముందు ఎడమ చెయ్యి

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగువాళ్లున్న ఊరు బిలాస్‌పూర్. 2003లో రైల్వే జోన్ కేంద్రమైంది. అక్కడి సిర్గిట్టిలో ఓ తెలుగు ఇంట్లో సాయంత్రమైతే 61 మెట్ల కీబోర్డు మోగుతుంది. అసలు పియానోకి 88. తేడా అంకెల్లోనే అయితే బాధ లేదు. పియానో మెట్టు నొక్కితే లోపల సుత్తి తీగను కొడుతుంది. వేలి బలాన్ని బట్టి నాదం. చవకరకం కీబోర్డుకి ఆ భేదం తెలియదు, గట్టిగా కొట్టినా నిమిరినా ఒకటే మోత. దాని మీద నేర్చిన పిల్ల గ్రేడ్ పరీక్షలో అసలు పియానో ముందు కూర్చుంటే వేళ్లు తడబడతాయి. కొందామంటే నాన్నది బదిలీల ఉద్యోగం. కీబోర్డు సంచిలో పడుతుంది, పియానోకి నలుగురు మనుషులు కావాలి.

అమ్మమ్మ బెంగ వేరు: ఇందులో గమకం పలకదు. కొట్టిపారేయాల్సిన మాటేం కాదు. ఇలాంటి అభ్యంతరాలతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని బయట పెట్టి 1971 దాకా రానివ్వలేదు.

సాధన దగ్గర మాత్రం అమ్మమ్మ, టీచరు ఒక్కటే. సరళీ వరుసలు మొదటి కాలంలో నిలవందే రెండో కాలం లేదంటుంది అమ్మమ్మ. ముందు ఎడమ చెయ్యి ఒక్కటే, నెమ్మదిగా అంటుంది టీచరు. పిల్లకేమో రెండు చేతులూ కలిపి సినిమా పాట వాయించెయ్యాలని.

నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే హెడ్‌ఫోన్ పెట్టుకుంటుంది. గదిలో మెట్ల టకటకే. తప్పులు ఆ పిల్లకొక్కదానికే వినిపిస్తాయి.