ఆకివీడు చేపల బండి కింద నా లెక్క
బెంగళూరులో ఓ కన్సల్టెన్సీలో డ్యూరబిలిటీ ఇంజినీర్‌ని. కంపెనీలు పంపే ఛాసిస్ డిజైన్లను కంప్యూటర్‌లో లక్షలసార్లు కుదిపి, ఎక్కడ పగులుతుందో చెప్పాలి. ఎర్రగా వస్తే ఫెయిల్, ఆకుపచ్చగా ఉంటే పాస్. రెండేళ్లలో నేను పాస్ చేసిన బండిని ఒక్కసారీ ముట్టుకోలేదు.

సంక్రాంతికి ఇంటికొచ్చి, తెల్లవారుజామున బాబాయ్ మినీ ట్రక్కులో కొల్లేరు వైపు చేపల పట్టుబడికి వెళ్లా. ఇక్కడిది నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. అందుకే రోడ్డు అలలు అలలుగా ఉంటుంది. ఉప్పుటేరు వంతెన దాటి ఆకివీడు చేరేదాకా ట్రేల్లోంచి ఐసు నీళ్లు కారుతూనే ఉన్నాయి.

టీకి ఆగినప్పుడు బండి కిందకి దూరి చూశా. కమాన్ పట్టీల బ్రాకెట్ నిండా తుప్పు, పైన రెండు వెల్డింగ్ అతుకులు. పోయిన నెల నేను పాస్ చేసిందీ ఇలాంటి బ్రాకెట్టే.

“ఏరా, మీ కంప్యూటర్లో ఐసు నీళ్లు కారతాయా?” అన్నాడు బాబాయ్.

కారవు. నా మోడల్‌లో రేకు ఎప్పుడూ కొత్తదే. మందం పావు వంతు తగ్గితే, అదే బరువుకు వంగేటప్పుడు రేకు మీద ఒత్తిడి దాదాపు 78 శాతం పెరుగుతుంది. తెలిసిన లెక్కే. క్లయింట్ అడగలేదని వేయలేదు.

తిరిగెళ్లాక మళ్లీ రన్ చేద్దామంటే, “ఈ ప్రాజెక్టు గంటలు అయిపోయాయి” అన్నారు మా లీడ్. ఆదివారం కూర్చుని నేనే చేశా. బ్రాకెట్ మూల ఎర్రగా వచ్చింది.

సోమవారం ఆ బొమ్మ లీడ్‌కి పంపా. జవాబు ఇంకా రాలేదు. బాబాయ్‌కి మాత్రం ఆదివారం రాత్రే ఫోన్ చేశా: “మూడో అతుకు వద్దు బాబాయ్, బ్రాకెట్టే మార్పించు.”