డ్రిల్లుతో లేచే ఇల్లు

మాకో బుల్లి ఇల్లుంది. దాని పైకప్పుని నేను డ్రిల్లింగ్ మిషన్‌తో లేపుతాను. నిజమేనండీ, గోడకి మేకుల కోసం బెజ్జాలు పెట్టే ఆ డ్రిల్లే.

ఇల్లంటే అసలు ఇల్లు కాదు, పాప్-అప్ క్యాంపర్. అమెరికా వీడియోల్లో కార్ల వెనక చక్రాల మీద పెద్ద ట్రంకుపెట్టె లాంటిది వెళ్తూ ఉంటుంది చూడండి, అదే. క్యాంప్‌గ్రౌండ్‌కి చేరాక దాని మూత నిటారుగా పైకి లేస్తుంది. ముందూ వెనకా మంచాలు సొరుగుల్లా బయటికొస్తాయి. మిగిలిన ఖాళీని గుడ్డ గోడలూ దోమతెర కిటికీలూ మూసేస్తాయి. ఐదుగురు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. మేముండే ఉత్తర వర్జీనియాలో కాస్త దూరం వెళ్తే కొండలే. అందుకే నాలుగేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి కొన్నాం.

ఆ మూత లేపడానికి బండి ముందు భాగంలో ఒక హ్యాండిల్ ఉంటుంది. బావి గిలక మీద నీళ్లు తోడినవాళ్లకి దాని సంగతి చప్పున అర్థమవుతుంది. హ్యాండిల్ తిప్పితే ఉక్కు తాడు ఒక డ్రమ్ముకి చుట్టుకుంటుంది. దానికి కలిపిన తాళ్లు బండి అడుగున కప్పీల మీదుగా నాలుగు మూలలకీ వెళ్లి, ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉన్న గొట్టాలని పైకి నెడతాయి. మా మూత మీద ఏసీ కూడా ఉంది. అలాంటి ఏసీ ఒక్కటే దాదాపు వంద పౌన్లు తూగుతుంది. ఆ బరువంతా చివరికి తిప్పేవాళ్ల భుజం మీదే.

ఆ భుజం మూడేళ్లు మా ఆయనది. పోయిన వేసవిలో ఆయనకి రొటేటర్ కఫ్ ఆపరేషన్ అయింది. నెలల తరబడి బరువు పనులు వద్దన్నారు డాక్టరు. సరే నేను తిప్పుతానని ఇంటి ముందే ప్రయత్నించా. నేను ఐదడుగులుంటా. సగం లేచేసరికి చేతులు వణికాయి. మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "అమ్మేద్దాంలే" అన్నారు. చాలా మామూలుగా అన్నారు. అదే నాకు నచ్చలేదు. ఏడు వారాలుగా చొక్కా గుండీలు కూడా నాతో పెట్టించుకుంటున్న మనిషి, ఇంకొకటి కూడా వదిలేసుకోవడానికి రెడీ అయిపోయారు.

పైగా అమ్మ వచ్చి ఉంది. విజిటర్ వీసా, ఆరు నెలలు. అందులో నాలుగు నెలలు మా వంటింట్లోనూ గుళ్లోనూ అయిపోయాయి. అక్టోబర్‌లో తిరుగు ప్రయాణం.

డ్రిల్లు సలహా పక్కింటి రిటైర్డ్ పెద్దాయనది. హ్యాండిల్ తీసేసి, ఆ షాఫ్ట్‌కి సరిపడే సాకెట్ డ్రిల్లుకి తగిలించి తిప్పమన్నారు. మాదానికి 3/4 అంగుళం సాకెట్ సరిపోయింది. కొన్ని మోడల్స్‌కి వేరే అడాప్టర్ కావాలి.

మా ఆయన ఒప్పుకోలేదు. బండి మాన్యువల్ తెచ్చి నా ముందు పెట్టారు. కరెంటు పనిముట్లు వాడొద్దని అందులో స్పష్టంగా ఉంది. కారణం అమ్మే చెప్పింది, మాన్యువల్ చదవకుండానే: "రుబ్బురోలు తిప్పేటప్పుడు పిండి బిగిస్తే చేతికి తెలుస్తుందే. గ్రైండర్‌కేం తెలుస్తుంది, తిరుగుతూనే ఉంటుంది." ముమ్మాటికీ అదే. మూతకి ఎక్కడైనా కొక్కెం తీయడం మరిచిపోయినా, గొట్టం ఇరుక్కున్నా, చేత్తో తిప్పేవాళ్లకి బరువు మారినట్టు తెలుస్తుంది. డ్రిల్లుకి తెలియదు. పూర్తిగా లేచాక కూడా లాగుతూనే ఉంటే తాడు తెగుతుంది, లేదా కప్పీ ఊడుతుంది.

కానీ డ్రిల్లుకీ ఓ చెయ్యి లాంటిది ఉంది. మూతి దగ్గర అంకెలున్న రింగు. దాన్ని క్లచ్ అంటారు. పెట్టిన అంకెకి మించి బలం కావాల్సొస్తే డ్రిల్లు తిప్పడం మానేసి కటకటమంటుంది. నేను చేసింది ఒక్కటే. బాగా చిన్న అంకె దగ్గర మొదలుపెట్టి, మూత కదలనంతసేపూ ఒక్కో అంకె పెంచుకుంటూ వెళ్లా. మూత లేచిన అంకె దగ్గర ఆపేసి మార్కర్‌తో గీత పెట్టా. గేరు ఎప్పుడూ ఒకటే, అంటే నెమ్మదిగా తిరిగేది. పక్క హ్యాండిల్ ఉన్న డ్రిల్లు కావాలి, లేదంటే బిగిసినప్పుడు మణికట్టుని మెలిపెట్టేస్తుంది. ఇంపాక్ట్ డ్రైవర్ అని ఇంకోటుంటుంది, సుత్తితో కొట్టినట్టు దెబ్బలు వేస్తూ తిప్పుతుంది. దాన్ని మాత్రం దీనికి వాడకండి, విన్చ్ పళ్లు పాడవుతాయి.

ఇంటి ముందు మూడుసార్లు లేపి దించా. మూడోసారి మా ఆయన ఏమీ అనలేదు. ఆ శుక్రవారం షెనన్డోవా నేషనల్ పార్క్‌కి బయల్దేరాం.

స్కైలైన్ డ్రైవ్ 105 మైళ్ల కొండ రోడ్డు, వేగం గంటకి 35 మైళ్లు దాటకూడదు. మేరీస్ రాక్ సొరంగం ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలు. పెద్ద ఆర్‌వీల వాళ్లు అక్కడ లెక్కలు వేసుకోవాలి. మా పెట్టె మూత మూసుకుని హాయిగా దూరిపోయింది. పిల్లలు సొరంగమంతా అరిచారు, అమ్మ కూడా. బిగ్ మెడోస్ క్యాంప్‌గ్రౌండ్ చేరేసరికి చీకటి పడబోతోంది. రాత్రి పది దాటితే అక్కడ చప్పుడు చేయకూడదు.

చక్రాలకి అడ్డాలు పెట్టి, బండిని సమం చేసి, జాకీలు దించి, కొక్కేలు నాలుగూ తీసి, డ్రిల్లు తగిలించా. మూత సగానికి పైగా లేచింది. అప్పుడు కటకటమంది.

ఆపేశా. టార్చ్ వేసి చుట్టూ తిరిగి చూస్తే ముందు కుడి మూల మిగతావాటికంటే ఓ రెండంగుళాలు కిందుంది.

"ఇంకో నాలుగు అంకెలు పెంచు. లేస్తుంది" అన్నారు మా ఆయన.

"వద్దండీ."

"అమ్మగారు ఎక్కడ పడుకుంటారు మరి? నేను ఆ మూల ఎడం చేత్తో కాస్త ఎత్తి పడతా, నువ్వు తిప్పు."

ఆయన ఆ మూల కిందికి వెళ్లడానికి ఒక అడుగు కూడా వేశారు. ఆపరేషన్ అయిన చెయ్యి స్లింగ్ లోంచి బయటికొచ్చి పట్టుమని రెండు వారాలు. నేను డ్రిల్లు తీసి పక్కన పెట్టేసి, సాకెట్ విప్పి జేబులో వేసుకున్నా. మా పెళ్లయి పదకొండేళ్లు. అంత గట్టిగా ఆయనకెప్పుడూ ఎదురు చెప్పలేదు, పైగా మా అమ్మ ముందు. అమ్మే, "బాబూ, ఇవతలికి రండి. కార్లో పడుకుంటా నేను, నాకేం" అంది. వచ్చారు. కానీ అరగంట మాట్లాడలేదు.

మూత చేత్తోనే దించా. దించేటప్పుడు డ్రిల్లు ఇంకా ప్రమాదం. ఒక మూల పట్టేసి మూత ఆగిపోయినా డ్రిల్లు తాడు వదులుతూనే ఉంటుంది. వదులైన తాడంతా పోగుపడ్డాక ఆ బరువు ఒక్కసారిగా కిందపడుతుంది. ఒక్కో చుట్టూ తిప్పుతూ, తాడు బిగువు వేలితో చూసుకుంటూ, పిల్లల్ని కారెక్కించి, నిదానంగా దించా. తర్వాత అడుగుకి దూరి టార్చ్‌తో చూశా. కుడి మూలకి వెళ్లే తాడు కప్పీ దగ్గర పేలికలైంది. ఉక్కు పోగులు చాలావరకు తెగి ముళ్లలా లేచి ఉన్నాయి, మిగిలినవాటి మీదే ఆ మూల వేలాడుతోంది. మా ఆయన కూడా వంగి చూశారు. చాలాసేపు చూశారు. లేచి, చలిగా ఉందని అమ్మకి తన జాకెట్ ఇచ్చేశారు.

ఆ రాత్రి ఐదుగురం వ్యాన్‌లోనే. అమ్మ పులిహోర డబ్బా తెరిచింది. ఎలుగుబంట్లు తిరిగే చోటు కదా, తిండి వ్యాన్ లోపలే మూసిపెట్టాలని పిల్లలకి చెప్తే, ఎలుగుబంటి కోసం తెల్లవార్లూ అద్దాలకి ముక్కులు ఆనించి చూశారు. రాలేదు. తెల్లవారుజామున పొగమంచులో జింక వచ్చింది. అమ్మ దానికి నమస్కారం పెట్టింది, ఎందుకో అడగలేదు.

తాళ్లు నాలుగూ మార్పించాం. ఒక్కటే మారిస్తే చాలు కదా అనిపిస్తుంది కానీ నాలుగూ ఒకే వయసువి. సెప్టెంబర్‌లో, అమ్మ విమానానికి మూడు వారాల ముందు మళ్లీ అక్కడికే వెళ్లాం. ఇప్పుడు మా పద్ధతి ఇది. మొదటి పది చుట్లు చేత్తో, నాలుగు మూలలూ సమంగా కదులుతున్నాయో లేదో చూసుకుంటూ. మధ్యలో డ్రిల్లు. చివరి అడుగు మళ్లీ చేత్తో. పూర్తిగా లేచాక మూలల్లో ఆసరా కడ్డీలు పెట్టేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు, చిన్నోడు ఎంత ఏడ్చినా సరే.

ఆ మొదటి పది చుట్లలో రెండింటికి ఈమధ్య ఫిజియోథెరపిస్టు ఒప్పుకున్నారు. అవి మా ఆయనవి. మూడోది కూడా తిప్పేస్తారేమోనని అమ్మ ఊరి నుంచి వీడియో కాల్‌లో లెక్కపెడుతూ ఉంటుంది.