వేగమునకు కళ్లెము

మన తెలుగులో రెండు సామెతలు ఇరుగుపొరుగులవలె నివసించుచున్నవి. "ఆలస్యము అమృతము విషము" అని యొకటి. "నిదానమే ప్రధానము" అని మరియొకటి. మొదటిది మనలను పరుగెత్తుమనును. రెండవది ఆగి చూడుమనును. ఈ రెండును ఒకే యంత్రములో కాపురము చేయుట చూడవలెనన్న స్పోర్ట్సు కారును చూడవలెను. ఇంటిల్లిపాదిని, సామానును మోయుటకు గాక, వేగముగ పోవుటకును, మలుపులలో చురుకుగ తిరుగుటకును, నడుపువానికి ఉల్లాసము కలిగించుటకును నిర్మింపబడిన కారునకు ఆ పేరు. క్రొత్తగ వచ్చుచున్న స్పోర్ట్సు కార్లు సౌఖ్యమునకును, క్షేమమునకును లోబడి తమ సహజమైన దూకుడును పోగొట్టుకొనుచున్నవా యను ప్రశ్న వాహనప్రియులలో చిరకాలముగ నలుగుచున్నది.

మా బంధువర్గములో ఈ ప్రశ్నపై ఇద్దరు వాదులు కలరు. మా మేనమామ తిరుపతిలో ముప్పది యేండ్లు టాక్సీ నడిపినవాడు. తన అంబాసిడరు కారులో ఆయన యాత్రికులను తిరుమలకు చేర్చి, మరల క్షేమముగ కొండ దింపిన పర్యాయములకు లెక్కలేదు. ఆయన కుమారుడు బెంగుళూరులో ఉద్యోగి. అతనికి స్పోర్ట్సు కార్లనిన ప్రాణము. పండుగకు అందరము చిత్తూరులో కలిసికొన్నప్పుడెల్ల వారి వాదము మొదలగును.

"నాయనా, నేటి కార్లలో పస లేదు. పూర్వపు కారు పులి, ఇప్పటి కారు పెంపుడు పిల్లి" అనును కుమారుడు.

"పులియైనను పిల్లియైనను నాది ఒకటే ప్రశ్నరా! ఆగుమన్నచోట ఆగునా, ఆగదా?" అనును తండ్రి.

కుమారుని మాట త్రోసిపుచ్చదగినది కాదు. 1987లో ఇటలీ దేశపు ఫెరారీ సంస్థ ఎఫ్ 40 అను కారును నిర్మించెను. అందులో రేడియో లేదు. క్రింద తివాచీ లేదు. స్టీరింగు త్రిప్పుటకు సాయపడు పవర్ స్టీరింగు లేదు. చక్రములు పట్టుకొనిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. బ్రేకులు లేవు. లోపలినుండి తలుపు తెరచుటకు ఒక త్రాడు లాగవలెను. బరువు పెంచు వస్తువులను నిర్మాతలు ఏరి ఏరి తీసివేసిరి. ఏలయన బరువు వేగమునకు పగవాడు. కారులోని ప్రతి కిలోను ఇంజను త్రోయవలెను, టైర్లు మలుపవలెను, బ్రేకులు ఆపవలెను. మెత్తని ఆసనములు, ఎయిర్ బ్యాగులు, దృఢమైన తలుపులు చేరినకొలది కారు బరువెక్కును. కావున దూకుడు తగ్గునని ఊహించుట సహజమే.

కాని ఊహను అంకెలతో తూచి చూడవలెను. 1964లో జర్మనీ దేశపు పోర్షే 911 కారు బరువు సుమారు 1,080 కిలోలు. దాని ఇంజను బలము 130 అశ్వశక్తి. నిలిచిన చోటినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమందుకొనుటకు దానికి సుమారు 9 సెకండ్లు పట్టెడిది. అదే పేరుతో 2019లో వచ్చిన కరేరా ఎస్ కారు బరువు సుమారు 1,500 కిలోలు. బలము 450 అశ్వశక్తి. అది ఆ వేగమును 4 సెకండ్లలోపే అందుకొనును. పాత కారులో ఒక్కొక్క అశ్వశక్తి 8 కిలోలకు పైగా మోసినది. క్రొత్త కారులో 4 కిలోలైనను మోయనక్కరలేదు. కారు లావెక్కినది నిజమే. కాని అంతకుమించి బలమెక్కినది. టైర్ల పట్టు పెరిగినది. గేర్లు మారుటకు పట్టు కాలము తగ్గినది. అన్ని కార్లును లావెక్కినవనుటయు సరికాదు. జపాను దేశపు మాజ్దా ఎం.ఎక్స్. 5 కారు 2015లో క్రొత్త రూపు దాల్చినప్పుడు దాని ముందరి తరముకంటె సుమారు 100 కిలోలు తగ్గినది.

మరి రక్షణసాధనములు వేగమునకు అడ్డువచ్చినవా? 1959లో స్వీడన్ దేశపు వోల్వో సంస్థ ఇంజనీరు నీల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించు సీటు బెల్టును రూపొందించెను. దానిని ఇతర నిర్మాతలును వాడుకొనుటకు ఆ సంస్థ సమ్మతించినది. ఆ పట్టీ బరువెంత? ఏ.బి.ఎస్. బ్రేకులు 1978లో జర్మనీ కార్లలో ప్రవేశించినవి. బ్రేకును గట్టిగ త్రొక్కినప్పుడు చక్రము తిరుగుట మాని జారినచో కారు స్టీరింగు మాట వినదు. ఈ సాధనము బ్రేకు పట్టును క్షణమునకు పలుమారులు సడలించి బిగించుచు, చక్రమును జారనీయదు. అందుచేత ఆగుచునే ప్రక్కకు తప్పించుకొనుటకు వీలగును. కళ్లెము గుఱ్ఱమునకు శత్రువు కానట్లే, మంచి బ్రేకు ఇంజనుకు శత్రువు కాదు.

పందెములందును ఈ సత్యమే కానవచ్చుచున్నది. 2018 మొదలు ఫార్ములా వన్ కార్లలో నడుపువాని తలకు అడ్డముగ హేలో అను టైటానియపు చట్రము అమర్చిరి. అది అందమును చెఱచినదని, పందెపు స్వభావమును మార్చినదని పలువురు గొణిగిరి. రొమాఁ గ్రోజాఁ అను ఫ్రెంచి క్రీడాకారుడు సైతము తొలుత దానిని మెచ్చలేదు. 2020 నవంబరులో బహ్రెయిన్ పందెమున అతని కారు అడ్డుకమ్మీలను చీల్చుకొనిపోయి, రెండు ముక్కలై మండినది. హేలో అతని తలను కాచినది. అతడు మంటలలోనుండి నడచి వెలికి వచ్చెను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు గట్టున జరిగిన ఫార్ములా ఈ విద్యుత్తు కార్ల పందెములోను ప్రతి కారునకు ఆ చట్రము కలదు. దానివలన ఏ కారును నత్తనడక నడువలేదు.

ఇక మా సీమకు వత్తము. తిరుమలకు మొదటి మోటారు బాట 1944లో ఏర్పడినది. అతివేగమును అరికట్టుటకై కొండ యెక్కుటకు కనీసము 28 నిమిషములు, దిగుటకు కనీసము 40 నిమిషములు పట్టవలెనని దేవస్థానమువారు నియమించిరి. ఎక్కుటకంటె దిగుటకు ఎక్కువ కాలమేల? 1,500 కిలోల కారు సుమారు 700 మీటర్ల ఎత్తునుండి దిగుటలో విడుదలయగు శక్తి 30 లీటర్ల నీటిని మరిగింపగలది. ఆ వేడినంతయు బ్రేకులే భరింపవలసినచో వాటి పట్టు సడలును. అందుచేతనే మా మామ క్రింది గేరులో ఉంచి, ఇంజనునే ఆనకట్టగ వాడి, బ్రేకును పొదుపుగ త్రొక్కెడివాడు. "కొండ యెక్కించుట ఇంజను పని, దించుట మనిషి పని" అని ఆయన సూత్రము.

ఇచట ఆయన భయమొకటి చెప్పవలెను. పాత కారు 80 కిలోమీటర్ల వేగమందుకొనగనే వణకును, అరచును. "చాలు" అని హెచ్చరించును. క్రొత్త కారు అంతకు రెండింతల వేగముననైనను తొట్టిలవలె నిశ్శబ్దముగ సాగును. వేగము రెండింతలైన, దానిని ఆపవలసిన శక్తి నాలుగింతలగునను ప్రకృతిధర్మము మాత్రము మారలేదు. 2022 మార్చిలో తిరుపతికి అనతిదూరమునగల భాకరాపేట కనుమలో నిశ్చితార్థమునకు పోవుచున్న బృందపు బస్సు లోయలో పడి పలువురు మరణించిరి. ఆ వార్త విన్న నాడు మామ అన్నము ముట్టలేదు. ఆ కనుమ ప్రతి మలుపును ఆయన ఎరుగును.

కావున నా తీర్పు ఇది. క్రొత్త కార్లు బలమును కోల్పోలేదు. కోల్పోయినది మాటాడు గుణమును. చక్రముక్రింది నేల సంగతి చేతికి చెప్పు స్టీరింగు మృదువైనది. ఇంజను ధ్వనిని సైతము కొన్ని కార్లలో స్పీకర్లద్వారా వినిపించుచున్నారు. నడుపువాడు నేర్పుతో సంపాదింపవలసిన ఆనందము కొంత యంత్రమునకు దక్కినది. ఇది నష్టమే, మా మామ కుమారుడు దీనికి వగచుట న్యాయమే. అయినను ఒక ప్రాణముతో తూచినచో ఆ నష్టము తేలిక.

బాలబాలికలారా! మీరును ఒకనాడు వాహనములు నడుపుదురు. అవి నేటివానికంటె వేగవంతములు, సుఖకరములు కావచ్చును. యంత్రము తన హెచ్చరికలను మానినకొలది, ఆ హెచ్చరిక నడుపువాని బుద్ధిలో మేల్కొని యుండవలెను. కారు ఎంత వేగముగ పోగలదో నిర్మాత చెప్పును. ఎక్కడ ఎంత వేగముగ పోవలెనో చెప్పవలసినవారు మీరు.