ముందు వీపు చూడండి

పెబ్బేరు సంతలో ఎడ్ల బేరం ఎప్పుడైనా చూశారా? లేకపోతే ఓ శనివారం వీలు చేసుకుని వెళ్లండి. కొనేవాడు ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. తర్వాత సుడులు వెతుకుతాడు. కొమ్ముల తీరు, మూపురం, తోక కుచ్చు... అన్నీ అవుతాయి. మరి వీపో? అరచేత్తో ఒక్కసారి నిమిరి వదిలేస్తాడు! నా ఫిర్యాదల్లా అదేనండీ. అంత వెడల్పాటి వీపు ఎదురుగా ఉంటే, దాన్ని తీరిగ్గా చూడకుండా డబ్బులెలా తీస్తారు?

వీపులో చూడ్డానికేముంది అంటారా? నాలుగు కాళ్ల కబుర్లూ అక్కడే ఉన్నాయి మరి!

ఎద్దు ఒక అడుగు వేసిందనుకోండి. గిట్ట పైపెంకుకు నరాల్లేవు. లోపలి మెత్తని కండకు ఉన్నాయి. కాలి కండల్లో, అవి ఎంత సాగాయో కనిపెట్టే సన్నని అవయవాలున్నాయి. కండను ఎముకకు కట్టే పట్టీల్లో, ఎంత బరువు పడిందో కనిపెట్టేవి వేరే ఉన్నాయి. అడుగడుక్కీ ఇవన్నీ వెన్నుపాముకు వార్త పంపుతూనే ఉంటాయి. ఎంత వేగంగానో తెలుసా? పిల్లుల్లో కొలిస్తే, వీటిలో చురుకైన నరాలు సెకనుకు 70 నుంచి 120 మీటర్లు పరుగెత్తించాయి వార్తని. ఇక ఎద్దు వెనక గిట్ట నుంచి నడుం దాకా ఎంత దూరమని? రెప్పపాటు కూడా ఎక్కువే.

ఆ వార్త ఎవరికి? కాలికే అనుకుంటాం. వీపుకి కూడా! వెన్నుకు అటూ ఇటూ పొడుగ్గా సాగిన కండ ఉంది చూశారూ, దాని సంగతే చెప్తున్నా. వెనక కాలి నరాలు వెన్నుపాములోకి చేరేది నడుం దగ్గర. వీపు కండల్ని ఆడించే నరకణాలేమో వెన్ను పొడుగునా పరుచుకుని ఉంటాయి. మరి మాట ఎలా అందుతుంది? సంతలో దళారి లేనిదే బేరం తెగుతుందా? ఇక్కడా మధ్యవర్తి కణాలున్నాయి. కాలి మాట విని, ఒక కండను బిగించమంటాయి, ఇంకోదాన్ని వదలమంటాయి. పిల్లి వెనక కాలి నరాలను మీటి చూసినవాళ్లకు వీపులో రెండు రకాల జవాబులూ దొరికాయి.

ఈ ముచ్చట పాతదే. ఇంగ్లండులో షెరింగ్టన్ అనే మహానుభావుడు 1906లోనే దీనికి దారి చూపే పుస్తకం రాశాడు. 1932లో నోబెల్ కూడా అందుకున్నాడు. ముల్లు గుచ్చుకుంటే ఆ కాలు ముడుచుకుంటుంది, అవతలి కాలు గట్టిగా నిలబడుతుంది. బరువు అటు మారితే నడుం ఊరుకుంటుందా? అదీ సర్దుకోవాలి. ఇక నడక లయ వెన్నుపాములోనే పుడుతుందని, కాళ్ల నుంచి వార్త రాకపోయినా సాగుతుందని 1911లో గ్రాహం బ్రౌన్ అనే పరిశోధకుడు చూపించాడు. మరి కాళ్ల పనేమిటి? నేలను బట్టి ఆ లయను దిద్దడం!

నేలంటే గుర్తొచ్చింది. మన అమ్రాబాద్ పొడ తూర్పు పశువుల్ని చూశారా? తెల్లటి ఒంటిమీద గోధుమరంగు మచ్చలు. నల్లమల రాళ్లలో తిరిగి పెరిగిన జాతి. అవే ఎడ్లు రైతు ఇంటికొస్తే నల్లరేగడి బురదలో దిగాలి. అక్కడ రాయి, ఇక్కడ జారుడు. ఎవరు చెప్తారు వీపుకి? గిట్టలే! రోడ్డెక్కే ఎడ్లకు నాడాలు కొట్టించేటప్పుడు గమనించారా, ఒక్కో కాలికి రెండేసి ముక్కలు. చీలిన గిట్ట కదా.

నడిగడ్డలో బండలాగుడు పోటీలు జరిగితే అందరి కళ్లూ బండ మీదే. నావి మాత్రం వీపు మీదే! గిట్టలు నేలను పట్టగానే నడుం బిగుస్తుంది. బండ కదిలేది ఆ తర్వాతే.

అన్నట్టు, వీపు మీద ఈగ వాలితే చర్మం జలదరిస్తుంది చూడండి. ఆ చర్మం కింది కండను ఆడించే నరం ఎక్కణ్ణించి వస్తుందో తెలుసా? ముందుకాళ్లకు వెళ్లే నరాల గుంపులోంచి! వీపుకీ కాళ్లకీ చుట్టరికం అలాంటిది మరి.

ఇప్పుడు అసలు లాభం వినండి. 1997లో అమెరికా పశువైద్యులు పాడి ఆవుల కుంటితనానికి ఐదు మెట్ల లెక్క కట్టారు. అందులో ముందు చూసేది వీపునే! నిలబడ్డా నడిచినా వీపు సమంగా ఉంటే ఒకటో మెట్టు, కాళ్లు బాగున్నట్టే. నిలబడితే సమంగా ఉండి, నడిస్తే వంగితే రెండు. నిలబడ్డా వంగే ఉంటే మూడు. ఇంకా కుంటకముందే వీపు చెప్పేస్తుందన్నమాట.

కాబట్టి పళ్లు చూడండి, సుడులూ చూడండి, వద్దనను. కానీ బయానా చేతిలో పెట్టేముందు చదునైన నేలమీద పదడుగులు నడిపించమనండి. మీరు పక్కకు జరిగి, వీపు గీత చూడండి. నడిచేటప్పుడు వంగిందా? కాలెత్తి గిట్ట చూడనిదే ధర మాట్లాడొద్దు!