కొస నుండి మొదలు

భారతకథలో ఒక గుర్రపు తోక ఇద్దరు అక్కచెల్లెళ్ళ బ్రతుకులను తారుమారు చేసింది. తెల్లని ఉచ్చైశ్శ్రవం తోకలో నలుపు ఉన్నదని కద్రువ, లేదని వినత పందెం వేసుకున్నారు. తల్లి మాటకు కట్టుబడి కర్కోటకుడు ఆ తోకను అంటిపెట్టుకుని వ్రేలాడాడు. వినత దాసి అయింది. ఈ కథ విన్నప్పుడు మనకు పందెమూ, పామూ జ్ఞాపకం ఉంటాయి. దగ్గరకు వెళ్ళి ఆ తోకను చేతితో తాకి చూసినవారు ఒక్కరూ లేరే అన్న ఊహ మాత్రం నాకు నలభై దాటిన తరువాత, నందినిలో ఉండగా కలిగింది.

నందిని గనుల ఊరు. భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి ఇక్కడి నుండి వెళ్ళింది. ఇనుప ఖనిజంలోని మలినాలను విడదీయడానికి కొలిమిలో ఆ రాయి వేయాలి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటి నుండి ఎందరో తెలుగువారు పని వెతుక్కుంటూ ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డారు. మా కుటుంబమూ అలా వచ్చినదే. నేను ఇంట్లో కూర్చుని ఇంగ్లీషు పుస్తకాలను తెలుగు చేస్తూ ఉంటాను.

మా వీధి చివర, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చే ఒక వృద్ధుడు ఉన్నాడు. అందరికీ ఆయన కాకా. ఆయన గుర్రానికి పుట్టిన ఏడాదిన్నర ఆడపిల్ల ఒక వేసవి అంతా తుప్పల్లో తిరిగి వచ్చింది. ఉత్తరేణి గింజలూ, మరులమాతంగి ముళ్ళకాయలూ పట్టి, దాని తోక కొయ్యలా బిగుసుకుపోయింది. ఎవరో తొందరపడి ఇనుప దువ్వెనతో లాగారట. అప్పటి నుండి మనిషి వెనుకకు వస్తే చాలు, అది తోకను కాళ్ళ మధ్య అదిమిపెట్టి వెనుకకాలు లేపసాగింది.

"కత్తిరించేస్తాను బేటీ, వెంట్రుకలే కదా, మళ్ళీ వస్తాయి" అన్నాడు కాకా.

వస్తాయి, నిజమే. కాని గుర్రపు తోక వెంట్రుక నెలకు సుమారు రెండు, రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. మూరెడు తోక కావాలంటే ఏడాదిన్నర పడుతుంది. అంటే ఆ పిల్ల అంతవరకు బ్రతికిన కాలమంత. ఈలోగా వానలు వస్తాయి, వానలతో జోరీగలు వస్తాయి. గుర్రానికి చేతులు లేవు. ఒంటి వెనుక భాగాన వాలే ఈగను తోలుకోవడానికి ఉన్నది ఆ తోకే. ఈగ కాటు నొప్పితో పోదు. 'సుర్రా' అనే ప్రాణాంతక జ్వరాన్ని గుర్రం నుండి గుర్రానికి మోసేవి జోరీగలే. ఆ జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో కనుగొన్నాడు.

నేను కళాశాలలో చదివిన అన్నా స్యూయెల్ నవల 'బ్లాక్ బ్యూటీ'లో ఒక ముసలి గుర్రం, సోకు కోసం మనుషులు తన తోకను ఎముకతో సహా నరికారని చెప్పుకుని బాధపడుతుంది. అది 1877 నాటి పుస్తకం. బ్రిటన్‌లో ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1949లో. కాకా కోయదలచినది వెంట్రుకలనే గాని ఎముకను కాదు. అయినా నన్ను కలవరపరచినది మరొకటి. వెనుకకు వచ్చే ప్రతి చేయీ నొప్పి పెడుతుందని ఆ పిల్ల నేర్చుకుంటే, అది తన్నే గుర్రమవుతుంది. పిల్లలు మూగే పెళ్ళి ఊరేగింపులో తన్నే గుర్రానికి చోటు లేదు. వచ్చిన ధరకు అమ్మేస్తారు. ఎవరు కొంటారో, ఏ బండికి కడతారో తెలియదు.

కొన్నేళ్ళ క్రితం పశుపోషణను గురించిన ఒక చిన్న పుస్తకాన్ని అనువదించాను. అందులోని పద్ధతి చెప్పి, మూడు రోజులు గడువు అడిగాను. కాకా నవ్వి సరేనన్నాడు.

మొదటి రోజు తోకను ముట్టలేదు. కాకా తల వద్ద నిలబడి మాటలు చెబుతూ ఉండగా, నేను మెడ నుండి వీపు మీదుగా తుంటి వరకు అరచేయి తీయకుండా నిమిరాను. నిలబడవలసినది సరిగ్గా వెనుక కాదు, ప్రక్కన, ఒంటికి దగ్గరగా. తోక మొదట్లో సుమారు 18 వెన్నుపూసలు ఉంటాయి. అది వెంట్రుకల కట్ట కాదు, వెన్నెముక కొనసాగింపు. దాన్ని లాగితే వెన్నును లాగినట్లే.

రెండవ రోజు నూనె. తడిస్తే చిక్కు మరింత బిగుస్తుంది కనుక, నీళ్ళు తగలకముందే కొబ్బరినూనె పట్టించి, వేళ్ళతో ఒక్కొక్క ముళ్ళకాయనూ తీశాం. చిక్కుకు పైన పిడికిట గట్టిగా పట్టుకుంటే ఆ లాగుడు మొదలుకు చేరదు. కొస నుండి మొదలుపెట్టి, నాలుగు వేళ్ళ మేర విడిన తరువాతనే మరి కాస్త పైకి పోవాలి. పైనుండి దువ్వితే చిక్కులన్నీ జారి ఒక్కచోట ముడిపడతాయి.

నా వృత్తిలోనూ ఇంతే. ఇంగ్లీషు వాక్యం చివర వ్రేలాడే ఉపవాక్యమే చాలాసార్లు తెలుగులో ముందు రావాలి. మొదటి మాట పట్టుకుని లాగితే వాక్యమంతా ముడిపడుతుంది.

మూడవ రోజు గోరువెచ్చని నీళ్ళూ, కుంకుడు రసమూ. తోక అడుగు భాగాన చర్మం పలుచన, వెంట్రుక ఉండదు. అక్కడ రసం నిలిస్తే దురద పుట్టి, పిల్ల తోకను గోడకు రాచుకుని వెంట్రుకలు తెంపుకుంటుంది. అందుకని నీళ్ళు తేటపడేవరకు కడిగాం. ఆరిన తరువాత వెడల్పు పళ్ళ చెక్క దువ్వెన పట్టాం. దువ్వెనలో మిగిలినవి ఒక గుప్పెడు వెంట్రుకలు. ఒకచోట మాత్రం గోలీ అంత ముడిని కత్తెరకు వదలక తప్పలేదు.

కడిగిన తోక అంత అందంగా ఉంటుందని నేను ఎదురుచూడలేదు. కాని నాకు సంతోషం కలిగించినది ఆ అందం కాదు. దువ్వెన పైకి పోతున్న కొద్దీ, అదిమిపెట్టిన తోక మెల్లగా వదులై నా చేతిలో బరువుగా వాలింది. తన ఒంటిలో తనకు కనబడని భాగాన్ని ఒక ప్రాణి మరొకరి చేతికి అప్పగించడం చిన్న సంగతి కాదు.

తొలకరి పడిన వారానికి అటుగా వెళ్ళాను. పిల్ల చెట్టు క్రింద నిలబడి, తోకను ఇటూ అటూ విసురుతూ ఈగలను తోలుకుంటున్నది. కాకా మనుమడు దువ్వెన పట్టుకుని వెనుకగా రాబోతుంటే ఆయన కేక వేశాడు: "అటు కాదురా, ప్రక్కకు రా. ముందు దానికి కనబడు."